దండాసి గారి దక్షిణ ఐరోపా

బర్మాలో, యాంగోన్‌కి నది అవతల ఉన్న తన్లిన్‌లో ఒక వార్డు ఆఫీసు ఉంది. ఏ వార్డో చెప్పను. అక్కడి గుమస్తా మంచివాడు, అతనికి ఇంకా సర్వీసు ఉంది. రాత్రి బస చేసే అతిథుల పేర్లు రాసే పుస్తకం ఒకటి ఆ ఆఫీసులో ఉంటుంది. అందులో పోయిన అక్టోబరు తాలూకు ఒక పేజీలో మూడు పేర్లు వరసగా కనిపిస్తాయి. మొదటిది ఊ దండాసి, అరవై అయిదేళ్లు, ఓడలో వంటవాడు, రిటైరు. రెండోది డా రాధాకుమారి, అరవై ఒకటి, గృహిణి. ముందున్న ఆ ఊ, డా అనేవి ఇక్కడి 'గారు'లు. మూడోది కెప్టెన్. కెప్టెన్ గారి వయసు, వృత్తి, గుర్తింపు కార్డు నంబరు రాయాల్సిన గళ్లు మూడూ ఖాళీగా ఉన్నాయి.

జరిగింది ఇది. మా దగ్గర ఎవరైనా సొంత ఇంట్లో కాక మరో చోట రాత్రి పడుకోవాలంటే, ఆ వార్డు ఆఫీసుకి వెళ్లి ముందే పేరు రాయించుకోవాలి. చుట్టాలింటికి వెళ్లినా అంతే. దండాసి గారు తన వ్యానులో పడుకుంటారు కాబట్టి, వ్యాను ఆగిన వార్డుకి సాయంత్రం అయిదింటికి వెళ్లారు. "బండిలో ఎంతమంది?" అని గుమస్తా అడిగాడు. దండాసి గారు ఇరవై రెండేళ్లు ఓడల మీద పనిచేసిన మనిషి. ఓడలో ఉన్నవాళ్లలో ఒక్క పేరు జాబితాలో తప్పిపోయినా ఓడని రేవు దాటనివ్వరు. ఆ అలవాటు కొద్దీ ఉన్నది ఉన్నట్టు చెప్పారు: "నేను, మా ఆవిడ, కెప్టెన్."

గుమస్తా కలం ఆగింది. ఏ కెప్టెన్, ఎక్కడి కెప్టెన్ అని సైన్యం ఏలే ఈ రోజుల్లో ఎవరడుగుతారు? అతను పేరు మాత్రం పొందిగ్గా రాసి, తక్కిన గళ్లు వదిలేసి, పుస్తకం రెండు చేతులతో మూశాడు. పావుగంట గడిచేసరికి వార్డు పెద్ద ఇస్త్రీ లుంగీ కట్టుకుని, పైన కోటు వేసుకుని, మరో ఇద్దరు పెద్దమనుషుల్నీ ఒక అత్తం అరటిపళ్లనీ వెంటబెట్టుకుని వ్యాను దగ్గరికి వచ్చాడు.

కెప్టెన్ వ్యాను మెట్టు మీద కూర్చుని వెనక కాలితో చెవి గోక్కుంటున్నాడు.

"ఈయనే" అని దండాసి గారు పరిచయం చేశారు.

ఎవరూ నవ్వలేదు. తెచ్చిన పళ్లు వెనక్కి తీసుకెళ్లడం మర్యాద కాదు కాబట్టి వార్డు పెద్ద వాటిని మెట్టు మీద పెట్టాడు. కెప్టెన్ వాసన చూసి మొహం తిప్పుకున్నాడు. "ఏమీ అనుకోకండి, ఆయన అరటిపళ్లు తినడు" అని రాధాకుమారి గారు బర్మా భాషలో క్షమాపణ చెప్పారు. పుస్తకంలో కొట్టివేతలు ఉండకూడదని నియమం ఉంది. అందుకని ఆ పేరు ఇప్పటికీ అలాగే ఉంది.

దండాసి గారు ఉండేది యాంగోన్‌లో, మా భవనంలోనే. మింగళ తౌంగ్‌న్యున్‌లో, స్టేషను వెనక వీధిలో అయిదంతస్తులు; ఆయనది అయిదో అంతస్తు, లిఫ్టు లేదు. ఆయన తాత శ్రీకాకుళం వైపు బారువ నుంచి వచ్చి బోటాటౌంగ్ రేవులో బస్తాలు మోశాడు. తండ్రి అదే రేవులో క్రేను కింద నిలబడి జెండా ఊపాడు. దండాసి గారు ఇంకొక్క అడుగు వేసి ఓడెక్కేశారు.

ఎక్కి, వంటింట్లో దూరారు. జెనోవా, వలెన్సియా, పిరేయస్, సెతూబల్ — దక్షిణ ఐరోపా రేవుల పేర్లు మా వీధిలో పిల్లలు బస్సు స్టాపుల పేర్లు చెప్పినట్టు చెబుతారు ఆయన. అయితే ఓడ రేవుకి చేరగానే అందరూ ఊళ్లోకి పోతారు, వంటవాడు పోలేడు. పోయినవాళ్లు తిరిగొచ్చేసరికి అన్నం సిద్ధంగా ఉండాలి. అందుకని ఆయన చూసిన ఇటలీలో క్రేన్లున్నాయి, ఆయన చూసిన స్పెయిన్‌లోనూ క్రేన్లే ఉన్నాయి. గ్రీసులో క్రేన్లకి పసుపు రంగు వేస్తారట. ఆ దేశం గురించి ఆయన ఇవ్వగలిగిన సమాచారం అంతవరకే.

ఒక్కసారి మాత్రం నేపుల్స్‌లో రేవు గేటు దాటారు.

ఇక్కడ మా టీ కొట్ల పద్ధతి ఒకటి చెప్పాలి. టీ కావలసినవాడు మా ఊళ్లో కేకెయ్యడు, చెయ్యి ఊపడు. పెదాలు ముడిచి గాల్లోకి రెండు ముద్దులు పెడతాడు. చప్పుడు ఆ చివర బల్ల దాకా వినబడాలి. టీ ఇచ్చేవాడు వస్తాడు. తాతల నాటి నుంచీ ఉన్న పద్ధతి, ఎవరూ ఏమీ అనుకోరు. నేపుల్స్‌లో దండాసి గారు గేటు ఎదురుగా ఉన్న కాఫీ కొట్లో కూర్చుని, ఆరడుగుల మనిషి ఒకడు వీపు తిప్పి గ్లాసులు తుడుస్తుంటే, చక్కగా రెండు ముద్దులు పెట్టారు. ఆ మనిషి తిరిగి చూశాడు. రాలేదు. వినబడలేదేమో అనుకుని దండాసి గారు మరో రెండు, ఈసారి కొంచెం గట్టిగా పెట్టారు. పక్క బల్ల దగ్గర ముసలావిడ తన చేతిసంచి ఒళ్లోకి తీసుకుంది. గ్లాసుల మనిషి వచ్చి, చేతులు కట్టుకుని నిలబడి, చాలాసేపు మాట్లాడాడు. భాష రాకపోయినా దండాసి గారికి అంతా అర్థమైంది. గేటు దాటి వెళ్లి మళ్లీ గేటు లోపలికి రావడానికి ఆయనకి పట్టిన సమయం పదకొండు నిమిషాలు. తర్వాత ఎన్ని ఓడలు మారినా, ఊళ్లోకి పోదాం రమ్మని ఎవరు పిలిచినా, "పప్పు పొయ్యి మీద ఉంది" అనేవారు.

ఇదంతా ఆయనే చెబుతారు. ముద్దులు కూడా పెట్టి చూపిస్తారు. చూపించినప్పుడల్లా కెప్టెన్ లేచి వస్తాడు.

కెప్టెన్ తొమ్మిదేళ్ల కిందట దొరికాడు. ఓడ దిగేసిన ఏడాది వానల్లో బోటాటౌంగ్ రేవు దగ్గర తోపుడుబండి కింద వణుకుతుంటే చొక్కాలో పెట్టుకుని తెచ్చారు. ఎర్రగా, ఒక చెవి నిలబడి, ఒక చెవి పడుకుని ఉండే మామూలు వీధికుక్క. ఆజ్ఞలిచ్చేవాడు ఎవడూ లేకపోతే ఇంట్లో తోచడం లేదని ఆ పేరు పెట్టారు. రాధాకుమారి గారు ఆ రోజే చెప్పేశారు: "నాకు కుక్కలంటే బయం. నాను ముట్టుకోను, తిండెట్టను, నన్నేటీ అడక్కండి." ఆవిడ మాట మీద నిలబడ్డారు. తొమ్మిదేళ్లలో ఆవిడ చెయ్యి కెప్టెన్ మీద పడగా మాలో ఎవరూ చూడలేదు.

రెండేళ్ల కిందట కెప్టెన్‌కి వెనక కాళ్లు పట్టు తప్పాయి. అప్పటి నుంచి దండాసి గారు ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి అతన్ని బియ్యం బస్తాలా భుజాన వేసుకుని అయిదంతస్తులు దిగి, మళ్లీ ఎక్కేవారు. ఎక్కేటప్పుడు ప్రతి అంతస్తులోనూ ఆగి, ఆయాసం తీర్చుకుంటూ, ఆ అంతస్తు వాళ్లతో ఏదో ఒకటి మాట్లాడేవారు. మా భవనంలో ఎవరింట్లో ఏం కూరో ఆయనకి తెలిసేది అలాగే.

సెప్టెంబరులో ఒకరోజు మూడో అంతస్తులో మాట ముగిశాక కాసేపు కెప్టెన్ని కింద దించారు. పట్టపగలైనా మా మెట్లు చీకటిగా ఉంటాయి, కరెంటు అప్పటికి ఆరు గంటలుగా లేదు. ఆ అంతస్తులో కొత్తగా దిగిన ఒకావిడ సరుకుల సంచితో వస్తూ కెప్టెన్ తోక తొక్కింది. కెప్టెన్ ఆవిడ మడమ పట్టుకున్నాడు. పెద్ద గాయం కాదు, కానీ గాయమే. దండాసి గారే ఆవిడని క్లినిక్కుకి తీసుకెళ్లి సూదులు వేయించారు. సూది వేసిన ప్రతిసారీ వెంట వెళ్లి, తిరిగొచ్చేటప్పుడు ఆవిడకి బత్తాయిలు కొనిపెట్టారు. ఆవిడ క్షమించింది. ఆవిడ భర్త మాత్రం కాగితం రాశాడు. అందరం సంతకాలు పెట్టాం. నా సంతకం నాలుగోది. నా పక్కన ఇంకొకాయన కలం కోసం చెయ్యి చాపుకుని నిలబడ్డాడు, ఆలోచించే వ్యవధి లేకపోయింది.

ఆ కాగితం తీసుకుని అయిదంతస్తులు ఎక్కినవాడు వెంకటరాజు. కింద మందుల కొట్టు అతనిదే, భవనం సంఘానికి కార్యదర్శి అతనే. వరసకి దండాసి గారికి మేనల్లుడు అవుతాడు. ఎలా అవుతాడని ఇద్దర్నీ విడివిడిగా అడిగితే రెండు జవాబులు వస్తాయి.

"మావయ్యా, నానేటి సెయ్యగలను? అందరూ సంతకాలెట్టీసినారు. నెలాకరు లోపల కుక్కని గదిలోంచి తీసీమంటన్నారు. తియ్యకపోతే గది ఓనరుకి సెప్తామంటన్నారు."

"అక్టోబరు నెలాకరా?"

"అక్టోబరే. సెప్టెంబరంటే నానే ఒద్దన్నాను."

"తీసీసి ఎక్కడెట్టాలి?"

"పొంజీల మటం ఉంది గదా. ఊరందరూ అక్కడే ఒదుల్తారు. ఆళ్లు మంచోళ్లు, అన్నవెడతారు." పొంజీలంటే ఇక్కడి బౌద్ధ భిక్షువులు.

"నిన్నొదిల్తే ఉంటావా?"

"నాకు కొట్టుంది మావయ్యా" అన్నాడు వెంకటరాజు, ఆ ఒక్కటే అడ్డమన్నట్టు.

దండాసి గారు ఆ తర్వాత నాలుగు రోజులు మెట్ల మీద ఎవరితోనూ మాట్లాడలేదు. ప్రతి అంతస్తులోనూ ఆగేవారు, ఆయాసం తీర్చుకునేవారు, వెళ్లిపోయేవారు. అది మాకు కాగితం కంటే బరువుగా అనిపించింది.

అయిదో రోజున ఆయన టూరు సంగతి బయటపెట్టారు. దీనికి మూలం ఆయన ఫోను. ఏ దేశం వాళ్లో తెలియదు, ఒక ముసలి దంపతులు చక్రాల ఇల్లు ఒకటి కారుకి తగిలించుకుని, బొచ్చుకుక్కని వెంటేసుకుని, స్పెయిన్, పోర్చుగల్, ఇటలీ అంతా తిరుగుతూ వీడియోలు పెడతారు. దండాసి గారు మూడేళ్లుగా చూస్తున్నారు. వాళ్ల పేర్లు పట్టుబడక అన్న, వదిన అని పిలవడం మొదలుపెట్టారు. దీనివల్ల మొదట్లో ఇంట్లో కొంత గందరగోళం జరిగింది.

"వదిన ఇయాల స్పెయిన్‌లో గుడ్డలుతికినాది" అన్నారట ఒకనాడు.

"ఏ వదిన? మీ అన్న పెళ్లావేనా? ఆవిడ గుడ్డలుతికి పదేళ్లయినాది" అన్నారట రాధాకుమారి గారు.

ఇప్పుడు ఆయన చెప్పింది ఏమిటంటే, కెప్టెన్‌కి ఒక చోటు చూడాలి, చూడకుండా ఎక్కడా వదలడం జరగదు, చూడాలంటే తిరగాలి, ఆ కాళ్లతో కెప్టెన్ బస్సెక్కలేడు. కాబట్టి అన్నా వదినల్లాగే మనమూ కేరవాన్ పెట్టుకుని టూరు వెళ్తున్నాం.

"కారువేనేటి?" అన్నారు రాధాకుమారి గారు. "కారైతే కారనండి, వేనైతే వేననండి."

ఆ రోజు నుంచి మా భవనంలో దాని పేరు కారువేను. నిజానికి అది మూతపడిన ఒక రొట్టెల కంపెనీ వ్యాను. బోటాటౌంగ్‌లో ఒక స్నేహితుడి షెడ్డులో పడి ఉంటే, తిప్పుతూ ఉంటే ఇంజను బాగుంటుందని అతనే ఇచ్చాడు. పక్కన నవ్వు మొహం ఉన్న పెద్ద రొట్టె బొమ్మ అలాగే ఉంది. దండాసి గారు లోపల ఓడలో మాదిరి అరలు కొట్టారు, గిన్నెలు దొర్లకుండా అంచులు పెట్టారు. పడుకోడానికి చెక్క, గ్యాసు పొయ్యి, నీళ్ల డ్రమ్ము, పైన సోలారు పలక, ఒక ఫ్యాను. ఆ ఫ్యాను మా ఇళ్లలో ఏ ఫ్యానూ తిరగనంతసేపు తిరిగేది. వెనక కెప్టెన్ ఎక్కడానికి ఏటవాలుగా ఒక చెక్క.

క్యాలెండరు వెనక ఆయన దారి రాసుకున్నారు. మొదట ఇటలీ: బోటాటౌంగ్‌లో, రేవు ఒడ్డునున్న బావమరిది గోడౌను. తర్వాత స్పెయిన్: ఊరికి తూర్పు చివర పొంజీల మఠం. ఆఖరున పోర్చుగల్: తన్లిన్. అన్నిటిలోకీ ఇదే తక్కువ అబద్ధం. నాలుగు వందల ఏళ్ల కిందట తన్లిన్‌లో పోర్చుగీసు వాళ్లు కొన్నాళ్లు రాజ్యం చేశారు. పాడుబడిన ఇటుక చర్చి ఒకటి ఇప్పటికీ ఉంది, దాన్ని పోర్చుగీసు చర్చి అనే అంటారు.

"గ్రీసో?" అని రాధాకుమారి గారు అడిగారు.

"గ్రీసుకి పెట్రోలు సాల్దు."

"ఐతే నాను రాను."

ఆవిడ రానని చెప్పి, ఆ సాయంత్రమే ఊరగాయ జాడీ, రెండు దుప్పట్లు, దేవుడి పటం వ్యానులోకి పంపారు. తెల్లారాక తానే దిగి వచ్చి ముందు సీట్లో కూర్చున్నారు. "మీరెల్లిన కాడ సాకలెవులు దొరుకుతారు" అన్నారు, అదే కారణమన్నట్టు. మేమందరం వీధిలోకి వచ్చి చేతులూపాం. సంతకాలు పెట్టినవాళ్లమే ముందు వరసలో నిలబడ్డాం.

ఇటలీ ఎంతో దూరం లేదు. రాధాకుమారి గారి తమ్ముడు అప్పలస్వామి గోడౌను చూసుకుంటాడు. మనిషి మంచివాడు, కాపలాకి కుక్క కావాలని ఎప్పటి నుంచో అనుకుంటున్నాడు. అక్కా బావలకి టీ ఇచ్చి, కెప్టెన్ కోసం కొన్న గొలుసు తెచ్చి చూపించాడు.

"కొత్తది బావా. ఇంకెవులికీ కట్టలేదు."

దండాసి గారు గొలుసు చేతిలో పట్టుకుని బరువు చూశారు. ఒక కొస స్తంభానికి పెట్టి, రెండో కొస పట్టుకుని నీళ్ల తొట్టి దాకా నడిచారు. అందలేదు. మూడడుగులు తక్కువైంది.

"తొట్టి ఇటు జరుపుదాం" అన్నాడు అప్పలస్వామి.

"ఎండ ఎటు నుంచి వొస్తాది?"

"ఎండా? ఎండ అన్నేపులా వొస్తాది బావా, గోడవును గదా."

రాధాకుమారి గారు టీ ముగించి లేచారు. "తమ్ముడూ, నీ పెళ్లాం నిన్ను కట్టినాదే, ఆ గొలుసు కంటే ఇది పొడుగే. ఏటనుకోకు. మాకు స్పెయినెల్లాల, ఆలస్యవైపోతంది."

స్పెయిన్‌లో గొలుసులు లేవు. మఠం ఆవరణలో నలభైకి పైగా కుక్కలు హాయిగా పడుకుని ఉన్నాయి. కెప్టెన్ చెక్క మీద నుంచి దిగగానే నలభై తలలూ లేచాయి. మొరగలేదు, చూశాయి. కొత్త ఆఫీసరు వచ్చిన రోజున గుమస్తాలు చూసే చూపు అది. కెప్టెన్ వెనక్కి తిరిగి, పట్టు తప్పిన కాళ్లతోనే, ఎవరి సాయమూ లేకుండా చెక్క ఎక్కి పడక కింద దూరాడు.

పెద్ద భిక్షువు ఎనభై దాటినవాడు. అవతల అరుగు మీద కూర్చుని అంతా చూశాడు. వీళ్లిద్దరూ వచ్చి నమస్కరించి కూర్చున్నాక, "వదలాలని వచ్చింది మీలో ఎవరు?" అని అడిగాడు.

దండాసి గారు భార్య వైపు చూశారు. ఆవిడ తన కొంగు చివర చూసుకుంటున్నారు.

"ఇద్దరిలో ఒకరికైనా అనిపించిన రోజున తీసుకురండి" అని భిక్షువు లోపలికి వెళ్లిపోయాడు.

అలా అక్టోబరు ఇరవై ఏడున, నెలాఖరుకి నాలుగు రోజులుండగా, రొట్టె బొమ్మ వ్యాను బాగో నది వంతెన దాటి పోర్చుగల్ చేరింది. అక్కడ దండాసి గారితో పాటు ఓడలో ఇంజను గదిలో పనిచేసిన బంగారయ్య ఉంటాడు. భార్య పోయింది, ఒంటరివాడు. చర్చి దిబ్బకి అవతల అతనికి కొంచెం పెరడుంది. కొబ్బరిచెట్లు, బాతులు, చుట్టూ ఇటుక గోడ. ఆ సాయంత్రం వార్డు ఆఫీసులో జరిగింది మీకు తెలుసు.

"ఒరే దండాసీ, ఇక్కడొదిలీ. నాకూ తోడుగుంటాది" అన్నాడు బంగారయ్య, అడక్కుండానే.

దండాసి గారు మూడు రోజులు ఆ పెరట్లో లోపం వెతికారు. గోడ కురచ అనుకున్నారు, కొలిస్తే ఎత్తుగానే ఉంది. నూతికి మూత లేదేమోనని చూశారు, ఉంది. పాములుంటాయేమో అన్నారు, బాతులున్న చోటికి రావడం తాను చూడలేదన్నాడు బంగారయ్య. మెట్లు లేని నేల మీద కెప్టెన్ మూడో రోజుకి బాతుల వెనక నాలుగడుగులు పరిగెత్తాడు కూడా. రెండేళ్లలో అతను పరిగెత్తడం అదే మొదలు. దండాసి గారు అది చూసి వ్యాను వెనక్కి వెళ్లి, అక్కర్లేకపోయినా టైరులో గాలి చూశారు.

నెలాఖరు రోజు పొద్దున్నే ఇద్దరూ బయల్దేరారు. బంగారయ్య గేటు వేశాడు. కెప్టెన్ మొరగలేదు, వెంటపడలేదు. బాతుల్ని చూస్తున్నాడు. దండాసి గారికి అది బొత్తిగా నచ్చలేదు.

వంతెన సగం దాటాక రాధాకుమారి గారు అద్దంలోంచి నదిని చూస్తూ అడిగారు.

"బంగారయ్యకి సెప్పినారా, ఆడి అన్నంలో ఉప్పెయ్యకూడదని?"

"సెప్పలేదు."

"వేడన్నం ముట్టడని?"

"అదీ సెప్పలేదు."

"ఉరివితే మంచం కింద గోడవారకి దూరతాడు. పాత లుంగీ ముక్కొకటి కాళ్లకాడ ఎయ్యాల. అదేనా సెప్పినారా?"

దండాసి గారు ఆవిడ వైపు తిరిగారు. వంతెన మీద అలా తిరగకూడదు. "లుంగీ ముక్కేటి? నాకే తెల్దు."

"మీకెలా తెలుస్తాది? మీరు గుర్రెట్టి పడుకుంటారు. తొమ్మిదేళ్ల నుంచీ నానే ఎయ్యాల."

"నీకు కుక్కలంటే బయం గదా."

"బయవే. అందుకే దూరం నించి ఇసురుతాను."

ఆ వంతెన మీద బండి వెనక్కి తిప్పడానికి వీల్లేదు. యాంగోన్ వైపు దాకా వెళ్లి, టోలు గేటు దాటి, తిరిగి, కంటైనరు లారీల వెనక వరసలో నిలబడి, మళ్లీ అదే వంతెన ఎక్కాలి. గంటన్నర పట్టింది. గేటు దగ్గర మనిషి రొట్టె బొమ్మని గుర్తుపట్టి, ఏమైనా మర్చిపోయారా అని అడిగాడు.

"ఉప్పు సంగతి" అన్నారు రాధాకుమారి గారు.

వెళ్లేసరికి కెప్టెన్ బాతుల గడ్డిలో పడుకుని ఉన్నాడు. వ్యాను చప్పుడికి ఒక కన్ను తెరిచి, చూసి, మూసేశాడు. పక్కన గిన్నెలో అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది.

"ముట్టలేదు. ఉప్పెక్కువైనాదేటో" అన్నాడు బంగారయ్య.

రాధాకుమారి గారు ఆ గిన్నె తీసుకుని, నూతి దగ్గరికి వెళ్లి కడిగారు. దండాసి గారు పొయ్యి వెలిగించారు. వంట అయ్యేదాకా బంగారయ్య చెట్టు కింద కూర్చుని, వీళ్లు ఎప్పుడు వెళ్తారని అడగాలో వద్దో తేల్చుకోలేకపోయాడు. అన్నం చల్లారాక కెప్టెన్ లేచి వచ్చి తిన్నాడు. ఆ సాయంత్రం దండాసి గారు వ్యాను చక్రాల కింద ఇటుకలు పెట్టారు. అది చూశాక బంగారయ్య అడగడం మానేశాడు.

ఇక్కడ మా భవనంలో నెలాఖరు దాటింది. మూడో అంతస్తు ఆయన కాగితం మడిచి దాచుకున్నాడు. అంతా సవ్యంగా జరిగింది, ఎవరికీ బాగాలేదు. కార్తీక మాసం వచ్చేసింది. గుళ్లో సమారాధనకి రెండు వందల మందికి పులిహోర కలిపేది దండాసి గారే, ఆయన కలిపితే అడుగు నుంచి పైదాకా ఒకే రంగులో ఉంటుంది. ఈసారి వేరే ఎవరో కలిపారు. తిన్నాం. ఎవరూ రెండోసారి అడగలేదు. మెట్ల మీద కూడా ఏదో తేడాగా ఉంది. ఏం కూర అని అడిగేవాడు లేక, మూడో అంతస్తులో కరిపించుకున్నావిడే ఒకరోజు నన్ను ఆపి, వాళ్లింట్లో వంకాయ అని తనంతట తానే చెప్పింది.

నవంబరు మూడో ఆదివారం వెంకటరాజు కొట్టు మూసి, బస్సెక్కి తన్లిన్ వెళ్లాడు. నేనూ వెళ్లాను, సంతకం పెట్టిన చేతిలో స్వీటు పొట్లం పట్టుకుని.

పెరట్లో రొట్టె మొహం నవ్వుతోంది. దానికీ కొబ్బరిచెట్టుకీ మధ్య తాడు కట్టి రాధాకుమారి గారు లుంగీలు ఆరేస్తున్నారు. దండాసి గారు పొయ్యి ముందు గోనె మీద కూర్చుని చిన్న చేపలు వేయిస్తున్నారు. కెప్టెన్ పొగకి ఎదురుగా కాకుండా గాలి చూసుకుని పడుకున్నాడు. మమ్మల్ని చూసి తోక ఒకసారి నేలకి కొట్టాడు. నిజం చెప్పాలంటే నాకు కొంచెం సిగ్గేసింది.

వెంకటరాజు నిలబడే మొదలుపెట్టాడు. గది తాళం తుప్పు పట్టింది. టాంకు నీళ్ల వంతు ఎవరిదో తెలియడం లేదు. పులిహోర పాడైంది, ఊరంతా నవ్వారు. చుట్టాలు ఫోను చేసి, ముసలాళ్లని ఇంట్లోంచి తరిమేశారట కదా అని తననే అడుగుతున్నారు. అత్తకి ఈ పెరట్లో చలి చేస్తే ఎవరిది బాధ్యత. చెప్పిందంతా విని దండాసి గారు చేపలు ఒక్కొక్కటిగా తిరగేశారు. రాధాకుమారి గారు లుంగీ అంచు లాగి సరిచేశారు.

వెంకటరాజు గొంతు చివరికి వచ్చేసరికి కార్యదర్శి గొంతులా లేదు.

"మావయ్యా, మేం కుక్కని తీసీమన్నాం గానీ నిన్ను పొమ్మన్నావేటి?"

దండాసి గారు ఒక చేప తీసి, ముల్లు విడదీసి, చల్లారడానికి కెప్టెన్ గిన్నె అంచు మీద పెట్టారు.

"ఆడికి వండుకోడం రాదురా, రాజూ."